చెవిలో టిక్కు టిక్కు

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ళ క్రితం తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి యాభై ఏళ్ళ దర్జీ ఒకాయన, భార్యను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కుడి చెవిలో టిక్కు టిక్కుమని శబ్దం వస్తోందనీ, కుట్టుమిషన్ ఆపి లేచినా అది ఆగడం లేదనీ చెప్పారు. మొదట్లో మిషన్ చప్పుడే చెవిలో మిగిలిపోయిందని అనుకున్నారట. తరువాత రాత్రివేళ గోడ గడియారం మీద అనుమానం వచ్చి, దానిలోని బ్యాటరీ తీసేశారు. గడియారం ఆగింది, శబ్దం ఆగలేదు. అప్పటికే రెండు మూడు చోట్ల చూపించుకుంటే, చెవి శుభ్రంగా ఉంది, ఇదంతా మీ భ్రమ అని పంపించేశారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన తల దించుకున్నారు. పక్కనున్న భార్య మాత్రం ఊరుకోలేదు. "భ్రమ ఎలా అవుతుందండీ, పక్కన పడుకుంటే నాకూ వినబడుతోంది కదా" అన్నారు.

ఆమె అన్న ఆ మాటే నాకు దారి చూపించింది. చెవిలో హోరు అనే బాధ మనలో చాలామందికి తెలిసినదే. ఈల వేసినట్టో, కీచురాయి అరిచినట్టో వినిపించే ఆ ధ్వని లోపలి చెవిలోనూ, వినికిడి నాడి వెళ్ళే దారిలోనూ వచ్చే మార్పుల వల్ల కలుగుతుంది. బాధపడే మనిషికి తప్ప సాధారణంగా మరెవరికీ వినబడదు. టిక్కుమని విడివిడిగా వచ్చే శబ్దం సంగతి వేరు. దాని వెనుక చాలాసార్లు నిజంగా కదులుతున్నది ఏదో ఒకటి ఉంటుంది. ఒక కండరమో, ఒక కీలో, ఒక వెంట్రుకో కదులుతూ ఉంటుంది. కదులుతున్నది కనుక దానిని వెతికి పట్టుకోవచ్చు.

నా దగ్గర ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. ఒక కొస రోగి చెవిలో, రెండో కొస వైద్యుడి చెవిలో పెట్టుకుని వినే ఈ సాధనానికి, 19వ శతాబ్దంలో లండన్‌లో చెవి వైద్యం చేసిన జోసెఫ్ టాయిన్‌బీ పేరు ఉంది. చెవి హోరుకు మందు కనుక్కోవాలన్న తపనతో తన మీదే క్లోరోఫాం ఆవిరిని ప్రయోగించుకుంటూ ఆయన 1866లో మరణించారు. ఆ గొట్టం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆయన నాకు గుర్తుకు వస్తారు. దర్జీగారి చెవిలో ఒక కొస పెట్టి, ఆయన మణికట్టు మీద వేళ్ళు ఉంచి విన్నాను. నాడి నిమిషానికి 76 సార్లు కొట్టుకుంటోంది. శబ్దం మాత్రం 100కు పైగా వినిపించింది. రెండింటికీ పొత్తు లేదు కనుక, అది రక్తనాళం నుంచి వచ్చేది కాదని తేలింది.

నోరు పెద్దగా తెరవమన్నాను. శబ్దం ఆగిపోయింది. మూయమన్నాను. మళ్ళీ మొదలైంది. అప్పుడు ముక్కులో నుంచి ఎండోస్కోపు అనే సన్నని గొట్టం పోనిచ్చి వెనుక నుంచి అంగిలిని చూస్తే, కొండనాలుకకు పైనున్న మెత్తని భాగం, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టుగా, లయ తప్పకుండా ఎగిరెగిరి పడుతోంది. నోరు బాగా తెరిచినప్పుడు ఆ కండరాలు బిగుసుకుని అదురు ఆగిపోవచ్చు. అందుకే నోట్లోకి మాత్రమే చూసినవారికి అది కనబడకపోయి ఉంటుంది.

మరి అంగిలి అదిరితే చెవిలో శబ్దం ఎందుకు? ముక్కు వెనుక నుంచి మధ్య చెవికి సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవున్న ఒక సన్నని నాళం ఉంది. దాని తడి గోడలు మామూలుగా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మనం గుటక వేసినప్పుడు అంగిలి కండరం లాగితే అవి విడిపోయి, చెవిలోకి గాలి వెళుతుంది. తడి పెదవులను అతికించి ఒక్కసారిగా విడదీసి చూడండి, చిన్న చప్పుడు వస్తుంది. అదే చప్పుడు దర్జీగారి చెవిలో నిమిషానికి వంద సార్లు వస్తోంది.

ఆ దంపతులను ఇంకొక ప్రశ్న అడిగాను. నిద్రలో కూడా వస్తుందా? ఆమె వెంటనే చెప్పారు: "ఆ చప్పుడు ఆగితేనేనండీ ఆయన నిద్రపోయారని నాకు తెలిసేది." అది నాకు ధైర్యం ఇచ్చిన జవాబు, ఎందుకంటే మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో దెబ్బ వల్ల వచ్చే అంగిలి అదురు చాలాసార్లు నిద్రలోనూ సాగుతూనే ఉంటుంది. అయినా ఎం.ఆర్.ఐ. తీయించాను; అందులో ఏ లోపమూ కనబడలేదు. ముందు మాత్రలు వాడాం, పెద్దగా గుణం కనిపించలేదు. తరువాత అంగిలి కండరంలోకి కండరాన్ని కొంతకాలం సడలించే బోటులినం మందును కొద్ది మోతాదులో ఎక్కించాం. కొన్నాళ్ళు మంచినీళ్ళు ముక్కులోకి వచ్చి ఇబ్బంది పెట్టాయి గానీ, శబ్దం ఆగింది. మూడు నాలుగు నెలలకు ఆ మందు ప్రభావం తగ్గిపోతుంది, మళ్ళీ వేయించుకోవలసి రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పాను.

అందరి టిక్కు టిక్కూ ఇంత అరుదైనది కాదు. జలుబు చేసినప్పుడు గుటకతో పాటు ఒకటి రెండు టిక్కులు వినబడితే, అది ఆ నాళం తెరుచుకునే చప్పుడే. నమిలినప్పుడో ఆవులించినప్పుడో వస్తే, చెవికి సరిగ్గా ముందున్న దవడ కీలును అనుమానించాలి. అక్కడ వేళ్ళు ఆనించి నోరు తెరిచి మూస్తే ఆ కదలిక వేళ్ళకే తగులుతుంది. క్షౌరం చేయించుకున్న తరువాత మొదలైందంటే, తెగిన వెంట్రుక ఒకటి కర్ణభేరి మీద పడి గీరుతూ ఉండవచ్చు. దానిని తీసేసిన క్షణంలో మనిషి ముఖం విప్పారడం చూసి తీరాలి. సీతాకోకచిలుక రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటే, మధ్య చెవిలోని చిన్న కండరాలు అదురుతున్నాయేమో చూడాలి. ఎముకలను కదిలించే కండరాలన్నింటిలో చిన్నది అక్కడే, అంకవన్నె అనే ఎముకకు అంటుకుని ఉంటుంది.

వీటిలో ఏ ఒక్కదానికీ పిన్నీసు మందు కాదు, అగ్గిపుల్ల మందు కాదు, వెల్లుల్లి వేసి కాచిన నూనె మందు కాదు. దయచేసి చెవిలో ఏమీ పెట్టకండి, ఏమీ పోయకండి. శబ్దంతో పాటు వినికిడి ఒక్కసారిగా తగ్గినా, తల తిరిగినా, మాట తడబడినా, చూపు రెండుగా కనిపించినా ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

అంత తొందర లేనివారు ఈ రాత్రి ఒక్క పని చేయండి. ఫ్యాను ఆపి, ఇంట్లోవారిని ఎవరినైనా మీ చెవికి తమ చెవి ఆనించి ఒక నిమిషం వినమనండి. వినబడితే ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టి, గుటక వేస్తే మారిందా, నోరు తెరిస్తే ఆగిందా, నిద్రలో ఉందా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. వారికి వినబడకపోతే, వినబడలేదని రాసుకోండి. మీ బాధ అబద్ధమని దాని అర్థం కాదు. ఆ కాగితం వెంట తెచ్చుకుని, దానినే ముందుగా వైద్యుడికి చూపించండి.

సెలవు. నమస్కారం.