తియ్యటి వైన్ కొనే ముందు లేబుల్ మీద ఈ అంకె చూడండి

అందరికీ నమస్తే. వరంగల్ నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, తియ్యగా ఉండి, పండ్ల వాసన వచ్చే వైన్ ఏది తీసుకోవాలి?" అని మీలో చాలామంది అడిగారు. ఇదిగో, మూడు సీసాలు పెట్టుకుని కూర్చున్నా. ఇటలీ మొస్కాటో దాస్తి, జర్మనీ రీస్లింగ్, పోర్చుగల్ రూబీ పోర్ట్. 21 ఏళ్లు నిండనివాళ్లు వీడియో ఇక్కడే ఆపేయండి. మన రాష్ట్రంలో చట్టం అదే.

పండు వాసన వచ్చినంత మాత్రాన వైన్ తియ్యగా ఉంటుందని అనుకోకండి. వాసన గుప్పుమంటున్నా తీపి అసలే లేని వైన్లు బోలెడున్నాయి. అందుకే నేను సీసా చేతికి రాగానే తిప్పి ఆల్కహాల్ శాతం చూస్తాను. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ తింటూ ఆల్కహాల్‌గా మారుస్తుంది. దాన్ని మధ్యలో ఆపేస్తే తినని చక్కెర మిగిలిపోతుంది. ఎలా ఆపారన్నది ఆ అంకెలో తెలిసిపోతుంది.

మొస్కాటో పోస్తున్నా, దగ్గరగా చూడండి. గ్లాసు అంచు చుట్టూ సన్నటి బుడగలు ఒక వరుసలా నిలబడ్డాయి, నురగ మాత్రం పొంగడం లేదు. లేబుల్ మీద 5 శాతమే. పులుస్తున్న రసాన్ని బాగా చల్లబరిచి, ఈస్ట్‌ను వడకట్టేస్తారు. అందుకే ఆల్కహాల్ తక్కువ, తీపి ఎక్కువ. పీచ్, నారింజ పువ్వు, అప్పుడే కోసిన ద్రాక్ష... ఈ వాసనలు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

పోర్ట్ దగ్గర కథ తిరగబడుతుంది. పులుస్తున్న రసంలో 77 శాతం ఘాటున్న ద్రాక్ష స్పిరిట్ పోస్తారు, దాంతో ఈస్ట్ చచ్చిపోతుంది. ఆల్కహాల్ 20 శాతం దాకా వెళ్తుంది. చక్కెర లీటరుకు ఇంచుమించు 100 గ్రాములు. మొస్కాటోలోనూ దాదాపు అంతే ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 15 గ్రాములన్నమాట, షుగర్ ఉన్నవాళ్లు లెక్క చూసుకోండి. చక్కెర ఒకటే అయినా పోర్ట్ గొంతులో వేడిగా, చిక్కగా దిగుతుంది. నల్ల ద్రాక్ష, ప్లమ్ రుచి చాలాసేపు నిలుస్తుంది. చిన్న గ్లాసు చాలు, అదీ భోజనం అయ్యాక. గోవా నుంచి వచ్చే పోర్ట్ వైన్ వేరే సరుకు, పోర్చుగల్‌లోని డౌరో లోయ నుంచి వచ్చే ఈ పోర్ట్‌తో పోల్చి కొనకండి.

ఇప్పుడు మన తిండి సంగతి. ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన తేజ మిర్చి కారంతో నాటుకోడి కూర వండాం. దాని మీద పోర్ట్ తాగితే నోరు ఇంకా మండింది, ఆల్కహాల్ కారాన్ని రెచ్చగొడుతుంది. అదే ముద్ద మీద మొస్కాటో తాగితే మంట దిగిపోయి, మసాలా రుచి విడిగా తెలిసింది. సర్వపిండికీ ఇదే నా ఓటు.

రీస్లింగ్ గురించి రెండు ముక్కలు. జర్మనీలో మోజెల్ ప్రాంతపు కాబినెట్ రకం 8, 9 శాతం ఉంటే కాస్త తియ్యగా ఉంటుంది, పులుపు తోడవడం వల్ల తీపి మొహం మొత్తదు. 12 శాతం ఉన్నా, లేబుల్ మీద 'ట్రోకెన్' అని ఉన్నా తీపి ఆశించకండి. మొస్కాటో మరీ తియ్యగా అనిపించినవాళ్లకు ఈ కాబినెట్టే ఇస్తాను.

మే నెలలో మన ఎండలకు షెల్ఫ్ మీద నిలబెట్టిన మొస్కాటో నీరసపడిపోతుంది. కొత్త ఏడాది సరుకే అడగండి, 6 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తాగండి. మూత తీశాక రెండు రోజుల్లో బుడగలు పోతాయి. పోర్ట్ అయితే ఫ్రిజ్‌లో రెండు వారాలు ఆగుతుంది. హనుమకొండ, కాజీపేట వైపు మొస్కాటోను చల్లగా పెట్టి అమ్మే షాపు మీకు తెలిస్తే కింద రాయండి, చాలామందికి పనికొస్తుంది.