తొమ్మిదో సింఫనీ: అంకెలు రాసిచ్చినా ఆగని తగువు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట హైదరాబాద్ ట్రాఫిక్‌ని దాటుకుని, ఒక జర్మన్ సింఫనీ గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. సంతోషమే, కొంచెం టెన్షన్ కూడా.

బీతోవెన్ తొమ్మిదో సింఫనీకి రికార్డింగులు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. వాటిలో ఏది మంచిది అని తేల్చాలనుకునేవాళ్ళు చాలామంది నేరుగా చివరి కోరస్ దగ్గరికి దూకేసి, గట్టిగా మోగిందా లేదా చూసి తీర్పు చెప్పేస్తారు. అక్కడ అన్నీ బాగానే ఉంటాయండీ, వందమంది ఒక్కసారి గొంతెత్తితే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. తేడా తెలిసేది అక్కడ కాదు. నేనైతే రెండు చోట్లే చూస్తాను. మూడో మూవ్‌మెంట్ (సింఫనీలో ఒక్కో భాగాన్ని ఇలా అంటారు) నడక ఒకటి, చివరి మూవ్‌మెంట్‌లో టెనర్, అంటే పైస్థాయి మగ గొంతు, పాటకి ముందు అంతా ఆగిపోయే చోటు ఇంకొకటి.

ముందు నడక సంగతి. మన త్యాగరాజస్వామి (1767–1847), బీతోవెన్ (1770–1827) ఒకే కాలం వాళ్ళు. త్యాగరాజ కృతి కాలప్రమాణం కాగితం మీద అంకెల్లో లేదు, శిష్యపరంపరలో నోటి నుంచి నోటికి వచ్చింది. అందుకే చిక్కడపల్లి గానసభలో ఎవరైనా కాస్త పరిగెత్తించి పాడితే పక్క సీటాయన "మా గురువుగారి పాఠం ఇలా కాదు" అని గొణుక్కుంటాడు, అక్కడితో సరి. బీతోవెన్ అలా వదల్లేదు. 1815లో మెల్జెల్ అనే ఆయన మెట్రోనోమ్‌కి, అంటే టిక్కు టిక్కుమంటూ వేగం చూపే యంత్రానికి, పేటెంట్ తీసుకున్నాడు, ఆ యంత్రం మీద బీతోవెన్‌కి మంచి గురి. 1824 మే 7న వియన్నాలో మొదటిసారి వినిపించిన ఈ సింఫనీకి 1826లో కూర్చుని, తమ్ముడి కొడుకు కార్ల్ చేత వేగాలన్నీ అంకెల్లో రాయించాడు. మూడో మూవ్‌మెంట్ మొదట్లో నిమిషానికి 60, అంటే సెకనుకి ఒక దెబ్బ.

ఇంత స్పష్టంగా రాసిచ్చాక ఇంక తగువేముంటుంది అనుకుంటాం కదా. విల్హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ 1951 జులై 29న జర్మనీలోని బైరాయిట్‌లో కండక్ట్ చేసినప్పుడు ఆ ఒక్క మూవ్‌మెంటే పంతొమ్మిది నిమిషాలు దాటింది. రోజర్ నారింగ్టన్ 1987లో, బీతోవెన్ నాటి తరహా వాయిద్యాలు పెట్టుకుని, రాసిన అంకెల్నే పట్టుకుని, దాదాపు పదకొండు నిమిషాల్లో ముగించేశాడు. ఇద్దరి ముందూ ఉన్నది అదే సంగీతం! ఆ అంకెలు మింగుడుపడని వాళ్ళు, బీతోవెన్‌కి అప్పటికి చెవుడు ముదిరిపోయింది, మెట్రోనోమ్ చెడిపోయి ఉంటుంది అంటూ ఏదో ఒక వంక చెబుతూనే ఉన్నారు.

నారింగ్టన్ వేగంలో మొదటి వయొలిన్లు వాయించే అల్లికలు అల్లికల్లాగే వినిపిస్తాయి, కింద అసలు పాట నడుస్తోందని తెలుస్తుంది. ఫుర్ట్‌వెంగ్లర్ దగ్గర ప్రతి చిన్న స్వరమూ తానే పాటనని కూర్చుంటుంది, ఒక్కోసారి అసలు పాట ఎక్కడుందో వెతుక్కోవాలి. న్యాయం నారింగ్టన్ వైపే ఉంది. నా చెవి మాత్రం ఫుర్ట్‌వెంగ్లర్ వైపే పోతుంది, దాన్నేం చెయ్యను.

ఇక రెండో చోటు. చివరి మూవ్‌మెంట్‌లో కోరస్ "ఫోర్ గాట్" అని, అంటే దేవుడి ఎదుట అని, పదే పదే అంటూ, చివరిసారి అప్పటిదాకా ఉన్న ఎ మేజర్ అనే స్వరాల గుంపుని వదిలేసి ఒక్కసారిగా ఎఫ్ మేజర్ అనే ఇంకో గుంపు మీద దిగి నిలబడిపోతుంది. అక్కడ ఆగమని బీతోవెన్ గుర్తు పెట్టాడు, ఎంతసేపో చెప్పలేదు. వేగానికి అన్ని అంకెలు ఇచ్చిన మనిషి ఇక్కడ కండక్టర్‌కే వదిలేశాడు! ఫుర్ట్‌వెంగ్లర్ పట్టుకుంటే వదలడు, పాడేవాళ్ళ ఊపిరి మీద ఆయనకి బొత్తిగా జాలి లేదు. ఇంకో కండక్టర్ టోస్కనీనీ 1952లో అమెరికాలోని ఎన్‌బీసీ ఆర్కెస్ట్రాతో చేసినదాంట్లో అంత సాగదీయడు, పనయ్యాక కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయే రకం. తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు. అప్పుడు బసూన్లు, కాంట్రా బసూన్ (లోతుగా మోగే ఊదే వాయిద్యాలు), పెద్ద డ్రమ్ము, ఉండీ లేనట్టు, ఒక్కో దెబ్బ. ఫోన్ స్పీకర్లో ఇది అసలు వినపడదు. మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఏమీ రావట్లేదేంటని వాల్యూమ్ పెంచారో, కాసేపట్లో కోరస్ మళ్ళీ అందుకుని చెవులు చిల్లులు పొడుస్తుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ఆ డ్రమ్ము దెబ్బల మీద మొదలయ్యే టర్కీ తరహా మార్చ్‌ని చాలామంది ఉషారుగా లాగించేస్తారు. అందరూ పరుగు మనిషి అని తిట్టిన నారింగ్టన్ మాత్రం ఇక్కడ అందరికన్నా నింపాదిగా నడుస్తాడు, ఎందుకంటే కాగితం మీద నిమిషానికి 84 అని ఉంది. నాకైతే అది కాళ్ళీడ్చినట్టే ఉంటుంది కానీ, మాట మీద నిలబడ్డాడని ఒప్పుకోవాలి.

కండక్టర్ కరాయన్ 1962 రికార్డింగ్ కొత్తవాళ్ళకి ఇస్తాను. బెర్లిన్‌లో ఒక చర్చిలో చేశారు, ధ్వని శుభ్రంగా ఉంటుంది, సోప్రానో (పైస్థాయి ఆడ గొంతు) గుండులా యానొవిట్స్ పైస్థాయికి వెళ్ళినా ఎక్కడా అరిచినట్టుండదు. కోరస్ మాత్రం కాస్త వెనక గదిలో ఉన్నట్టుంటుంది. బెర్లిన్ గోడ కూలాక 1989 డిసెంబర్ 25న కండక్టర్ బెర్న్‌స్టైన్ అదే ఊళ్ళో చేసిన కచేరీలో "ఫ్రాయిడె", ఆనందం, అన్న మాట తీసేసి "ఫ్రైహైట్", స్వేచ్ఛ, అని పాడించాడు. ఆ రోజు వాళ్ళకి అది కావాలి, కాదనను. పోలికకి మాత్రం దాన్ని పక్కన పెడతాను, అక్కడ సంగీతం కన్నా సందర్భమే ఎక్కువ వినిపిస్తుంది.

కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఫుర్ట్‌వెంగ్లర్ 1951 పేరుతో రెండు వేర్వేరు టేపులు దొరుకుతాయి. ఈఎంఐ కంపెనీ 1955లో తెచ్చిన పాతది ఒకటి, బవేరియన్ రేడియో దగ్గరున్న టేపు నుంచి చాలా ఏళ్ళ తర్వాత ఓర్ఫియో కంపెనీ వేసింది ఇంకొకటి. పాతదాంట్లో రిహార్సల్ ముక్కలు కూడా అతికించారని చాలామంది వాదన. రెండింట్లో చివరి పరుగు మాత్రం ఒకేలా వెర్రిగా ఉంటుంది, ఆర్కెస్ట్రా కూడా అందుకోలేక చెల్లాచెదురవుతుంది.

ఇప్పుడు ఆ "ఫోర్ గాట్" ముక్కని నాలుగు రికార్డింగుల నుంచి వరసగా పెడతాను. పేర్లు ముందు చెప్పను. ఏది ఎవరిదో మీరే చెప్పండి, తర్వాత కొట్టుకుందాం.