వేరు కడిగి చూడండి

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. పొద్దున్న పర్లాకిమిడి దాటాక మహేంద్రతనయ గట్టున ఒక వరి ఆకుమడి దగ్గర ఆగి, రైతునడిగి ఈ గుప్పెడు ఆకు, అదే నారు, పీక్కొచ్చాను. పాలిపోయింది, ఎదగలేదు.

ఆకు పాలిపోతే మన చెయ్యి యూరియా బస్తా మీదికే పోతుంది. నేనూ అంతే. ఒక ఏడు మా మెట్టమడిలో రెండుసార్లు యూరియా చల్లాను. కొట్టాయన చెప్పాడని జింకూ వేశాను. మచ్చలు మచ్చలుగా కురచబడ్డ దుబ్బులు మాత్రం లేవలేదు. ఒక్క దుబ్బు పెకలించి కడిగుంటే ఆ డబ్బు మిగిలేది.

ఇదిగో, చెంబునీళ్ళలో ముంచుతున్నాను. రుద్దకూడదు, మెల్లగా ఆడించాలి. ఇప్పుడు వేరు కొస చూడండి. సూటిగా దిగాల్సింది గాలపు ముల్లులా వంగి, ఉబ్బింది. ఇది వేరుబొడిపె నులిపురుగు పని. పిల్లపురుగు అర మిల్లీమీటరుంటే ఎక్కువ, కంటికి ఆనదు. వేరు కొసలోంచి దూరి అక్కడే తిష్ఠ వేస్తుంది. తల్లయ్యాక గుడ్లు పెట్టేదీ వేరు లోపలే. మన వేడికి మూడు నాలుగు వారాల్లో ఒక తరం, అంటే ఆకు తీసేలోపే ఒక ఈత.

నీళ్ళు నిలిచిన మడిలో ఇది కొత్త వేళ్ళలోకి దూరలేదు. అందుకే మెట్టలో, ఎదజల్లిన మళ్ళలో, తడి చాలని ఆకుమళ్ళలో దీని జోరు. కానీ అప్పటికే లోపలున్నది నీళ్ళు పెడితే చావదు, వేళ్ళలోనే పెరుగుతుంది. ఆకు కట్టలతోపాటు దాన్ని మోసుకెళ్ళి ఊడుస్తున్నది మనమే.

పల్లంవాళ్ళు నిశ్చింతగా ఉండకండి. నీళ్ళలో బతికే వరివేరు నులిపురుగు వేరే ఉంది. దానికి బొడిపె ఉండదు, వేళ్ళు గోధుమరంగుకి తిరిగి కుళ్ళుతాయి.

కాబట్టి ఆకుమడిని కాపాడుకోవాలి. ఎండాకాలంలో దున్ని, తడిపి, లోపలికి కనబడే పల్చటి పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి మూడు నాలుగు వారాలు ఉంచండి. నల్లపట్టా కన్నా ఇదే నేలను బాగా కాగబెడుతుంది. దుక్కిలో వేపపిండి కలిపితే కొంత మేలు. వరి తీశాక ఆవాలో, నువ్వులో వేస్తే పురుక్కి తిండి దొరకదు. గట్టు మీది ఊదగడ్డిని మాత్రం వదలొద్దు. 1965లో ఈ బొడిపె పురుగును వర్ణించి పేరు పెట్టింది అమెరికాలోని లూసియానాలో, అదీ ఊదగడ్డి వేళ్ళలో దొరికినదాన్ని చూసే. వరి లేని రోజుల్లో దాని కాపురం అక్కడే.

ఈ మొక్కలు వెనక వరసకి పంపండి బాబూ. అక్కడ కూర్చున్న అమ్మలు చూడాలి, ఆకు తీసేది వాళ్ళే.