మీద గేజ్‌లు ఎందుకు సారూ?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. ఇవాళ జులై 11, హైదరాబాద్ సంస్థాన చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి. ఆయన గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు పాలమూరులో చాలామంది ఉన్నారు. నన్ను స్ట్రెయిన్ గేజ్‌ల మీద, అంటే ఇనుముకు అంటిస్తే అది ఎంత సాగిందో చెప్పే చిన్న పట్టీల మీద మాట్లాడమన్నారు. ఆ పేరు వింటే నాకు కడుపుమంట అని పిలిచినవాళ్లకు తెలిసినట్టు లేదు.

వంతెన ఎంత కుంగిందో నేరుగా కొలవడం కష్టం. కింద వాగు పారుతుంటే స్కేలు ఎక్కడ నిలబెడతారు? అందుకే గర్డర్‌కు, అంటే వంతెనను మోసే దూలానికి, గేజ్‌లు అంటిస్తాం. గేజ్‌కు తెలిసేది సాగుదల ఒక్కటే. దాన్నిబట్టి అక్కడ గర్డర్ ఎంత ఒంపు తిరిగిందో లెక్కకడతాం. ఆ ఒంపును గర్డర్ పొడుగునా రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి, అంటే కూడుకుంటూ పోయి, చివర్లు బేరింగుల మీద కుంగవని కలిపితే మొత్తం ఆకారం వస్తుంది. 2003 జూన్‌లో హవాయి దగ్గర నాసా వారి హీలియోస్ విమానం, 75 మీటర్ల రెక్క, గాలి కుదుపులకు మితిమీరి పైకి వంగి ముక్కలైంది. ఆ దెబ్బతోనే అక్కడివాళ్లు ఎగిరే రెక్క ఆకారాన్ని స్ట్రెయిన్‌తో పట్టే పనిలో దిగారు.

మన దగ్గర జరిగింది వినండి. 20 మీటర్ల స్టీల్ కాలిబాట వంతెన, గర్డర్ లోతు ఒక మీటరు. పైనా కిందా జతలుగా గేజ్‌లు రాసి ఎస్టిమేట్ పంపాను. పై వరుస మీద ఎర్రగీత పడింది. "కిందికే గదా వంగుతది, మీద గేజ్‌లు ఎందుకు సారూ?" అన్నాడు ఆ గీత గీసిన పెద్దమనిషి. పోట్లాడాను, వినలేదు. పైగా వచ్చిన గేజ్‌లు స్టీల్ వేడికి సరిపోల్చినవి కావు, వేడికి ఇనుము పెరిగినా దాన్నీ సాగుదలగానే చూపేవి.

మే నెల. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి ఇనుము 20 డిగ్రీలు వేడెక్కింది. డిగ్రీకి 12 చొప్పున 240 మైక్రోస్ట్రెయిన్, అంటే పది లక్షల్లో 240 వంతుల సాగుదల. వంతెన మీద కుక్క కూడా లేదు, కంప్యూటర్ మాత్రం కింద సాగినంత పైన కుదించుకుపోయిందనుకుని, నడుమ 24 మిల్లీమీటర్లు కుంగిందంది! ఆఫీసంతా టెన్షన్, రాకపోకలు బంద్. గర్డర్ కాస్త పొడుగు పెరిగింది, అంతే. పైనా గేజ్ ఉంటే అదీ 240 చూపేది. కిందిదాంట్లోంచి పైది తీసేసి లోతుతో భాగిస్తే ఒంపు సున్నా. పైభాగమే ఎండకు కాగితే గర్డర్ నిజంగానే వంగుతుంది, దాన్నీ ఆ జతే పట్టిస్తుంది. ఇదే తప్పు అదే లోతున్న 40 మీటర్ల వంతెన మీదైతే నాలుగు రెట్లు.

అంటించడం కూడా చిన్న పనేం కాదు. రంగూ తుప్పూ పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, దూది నల్లబడటం ఆగేదాకా అసిటోన్‌తో తుడిచి, గ్లూ చుక్క వేసి బొటనవేలితో నిమిషంపాటు కదలకుండా నొక్కాలి. ఆ పని చేసే కుర్రాడికి మనమిచ్చే కూలి సంగతి... వద్దులెండి, అది మొదలుపెడితే మీకు భోజనాలు ఉండవు.

వెనక బెంచీ పిల్లలూ, ఫోన్లు పక్కనపెట్టండి. రేపు మీరే ఏఈలు, అసిస్టెంట్ ఇంజనీర్లు అవుతారు, ఆ ఎర్రగీత మీ ముందుకే వస్తుంది. ఈ వారమే ల్యాబ్‌లో ఒక ఇనుప పట్టీకి పైనా కిందా గేజ్‌లు అంటించండి. ఒక చివర బిగించి, రెండో చివర బరువు వేలాడదీసి, లెక్కలో వచ్చిన వంపును స్కేలుతో సరిచూడండి. తర్వాత బరువు తీసేసి, పట్టీని ఎండలో పెట్టి, కింది గేజ్ ఒక్కదాంతోనే లెక్క కట్టండి. వచ్చిన అంకెను మీ హెచ్‌వోడీ గారికి చూపించండి.