ఆ ఇల్లు ఎందుకు వంగింది? ఎందుకు పడిపోలేదు?

తమ్ముడు: అక్కా, నువ్వు పంపిన ఫొటో చూసి ముందు నా ఫోన్‌లోనే ఏదో తేడా ఉందనుకున్నా. ఒక్క గీత తిన్నగా లేదు!

అక్క: ఆ ఇల్లే అంత రా. లిటిల్ మోర్టన్ హాల్. ఇంగ్లండ్‌లో చెషైర్ ప్రాంతం, కాంగిల్టన్ దగ్గర. చుట్టూ కందకం. 1500ల మొదట్లో మోర్టన్ కుటుంబం మొదలుపెట్టి, వందేళ్ల దాకా ఏదో ఒకటి తగిలిస్తూనే పోయింది.

తమ్ముడు: పాతబడి ఒరిగిందా మరి?

అక్క: వయసు కొంత. అసలు కొంప ముంచింది మాత్రం పైన ఎక్కించిన లాంగ్ గ్యాలరీ. సుమారు 21 మీటర్ల పొడవు హాలు, వానాకాలం అటూ ఇటూ నడవడానికి, ఆడుకోడానికి, అప్పట్లో డబ్బున్నోళ్ల ఫ్యాషన్ అది. ముందు ప్లాన్‌లో లేదనే అంటారు. పోనీ కట్టారు, కప్పు మీద రాతి పలకలు పరిచారు! ఆ బరువంతా మీద పడి కింది దూలాలు వంగిపోయాయి.

తమ్ముడు: కూలిపోలేదేం?

అక్క: బరువు మోసేది గోడ కాదు, ఓక్ అనే గట్టి చెట్టు దుంగలతో చేసిన చట్రం. ఒక దుంగ కొన సన్నగా చెక్కి, ఇంకోదానికి బెజ్జం తొలిచి, అందులో దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగ్గొడతారు. చెట్టు కొట్టిన కొత్తలో, పచ్చి చెక్కతోనే చేస్తారు, కొయ్యడం తేలికని. అది ఆరేకొద్దీ ముడుచుకుని మేకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తడమే. ఇటుక గోడైతే బీటలిచ్చేది, ఇది బరువుకి తగ్గట్టు సర్దుకుంది. తరవాత ఉక్కు కడ్డీలు కూడా వేశారులే, అన్నీ ఓక్ గొప్పేనని చెప్పను.

తమ్ముడు: ఇంతకీ వడ్రంగి ఎవరు?

అక్క: పేరు చెక్కుకున్నాడు! లోపలి ముంగిట్లో ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలున్నాయి, వాటి మీద యజమాని పేరు, 1559 సంవత్సరం, దాంతోపాటు దేవుడి దయతో ఈ కిటికీలు రిచర్డ్ డేల్ అనే వడ్రంగి చేశాడని రాసుంది. మన బిల్డింగుల మీద మంత్రిగారి పేరే ఉంటుంది, మేస్త్రి పేరు వెతుక్కోవాల్సిందే.

తమ్ముడు: ఆ నల్ల దుంగలు, మధ్యలో తెల్ల గోడ, ఆ నలుపు తెలుపు మాత్రం అదిరింది.

అక్క: అది 1800ల్లో, విక్టోరియా రాణి కాలం వాళ్లకి పట్టిన పిచ్చి. మొదట్లో ఓక్‌కి రంగెయ్యలేదు, ఎండకీ వానకీ వెండి బూడిద రంగుకి తిరిగేది.

తమ్ముడు: పోయింది, నాకు నచ్చిందే పీకేశావు.

అక్క: గోడల మీద చెక్కతో చేసిన ఆ నాలుగు రేకుల పువ్వు డిజైన్లు మాత్రం అసలువే. వాటిలో చాలావాటికి మోసే బరువేం లేదు, పక్కూరి వాళ్లు చూసి కుళ్లుకోవాలనే.