మార్ఫినూ, పెన్నేరు గడ్డా, మా బావగారూ

అందరికీ నమస్కారం. మైకు గీపెడుతోంది, కాస్త ఎడంగానే నిలబడతాను.

పోయిన నెల మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒకావిడ నన్ను పట్టుకుంది. "అన్నయ్యగారూ, మా ఆయనకి క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ రాశారు. అది అలవాటైపోతుందట కదా? నాట్టు మరుందు కడైలో ఏదో పొడి ఉందంటున్నారు. అది వేసి మాత్ర మానిపించేదా?" మద్రాసులో ముప్పై ఏళ్ళుంటే మన తెలుగులోకి 'నాట్టు మరుందు కడై', అంటే నాటుమందుల కొట్టు, అలా వచ్చి కూర్చుంటుంది లెండి. నాలుగో అంతస్తు వచ్చేలోపు చెప్పలేకపోయిన జవాబు ఇవాళ చెబుతాను.

మార్ఫిన్ కూడా మొక్క మందే. కుర్మాలో వేసే గసగసాల మొక్క ఉంది చూశారూ, దాని పచ్చి కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే కుర్రాడు అందులోంచి మార్ఫిన్‌ను విడదీశాడు. కాబట్టి ఆకుమందు చల్లన, ఇంగ్లీషు మందు వేడి అనే వాదన ఇక్కడ పనికిరాదు.

మార్ఫిన్ మెదడులో, వెన్నుపాములో 'మ్యూ' అనే గ్రాహకాల మీద, అంటే మందు వచ్చి అతుక్కునే చోట్ల మీద, పనిచేస్తుంది. మొదటిసారి వచ్చిన చుట్టానికి ఎదురెళ్ళి కాళ్ళకు నీళ్ళిస్తాం, రోజూ వస్తుంటే కుర్చీలోంచి కూడా లేవం. గ్రాహకాలూ అంతే. అదే డోసుకు ఉపశమనం తగ్గుతుంది. దీన్నే టాలరెన్స్ అంటారు. ఇది వ్యసనం కాదు. పైగా క్యాన్సర్ రోగికి డోసు పెంచాల్సి వచ్చిందంటే చాలాసార్లు కారణం జబ్బు ముదరడమే. అన్నట్టు, మార్ఫిన్ తెచ్చే మలబద్ధకానికి మాత్రం ఒళ్ళు అలవాటు పడదు. మొదటి రోజు నుంచే విరేచనం మందు అడగండి, సిగ్గుపడకండి.

మరి మూలికలు? ఆశ ఉంది. అశ్వగంధ అంటే మన పెన్నేరు, ఇక్కడివాళ్ళ అముక్కరా. 1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో చిట్టెలుకలకు వరసగా కొన్ని రోజులు మార్ఫిన్‌తో పాటు అశ్వగంధ ఇచ్చారు. టాలరెన్స్ తగ్గింది, మందు ప్రభావాన్ని ఒక్కసారిగా ఆపినప్పుడు ఎలుకలు ఎగిరిపడటమూ తగ్గింది. చైనావాళ్ళు నొప్పికి వాడే కోరిడాలిస్ దుంపలోంచి తీసిన ఒక పదార్థం, ఎన్నిసార్లు ఇచ్చినా ఎలుకల్లో పట్టు కోల్పోలేదని 2014లో తేలింది. మన గుంటూరు మిరపకాయ దారి వేరు. అందులోని క్యాప్సైసిన్ నొప్పి నరాల మీదుండే గ్రాహకాన్ని ముందు మండించి, తర్వాత మొద్దుబారుస్తుంది. ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నరాల నొప్పికి క్యాప్సైసిన్ పట్టీలు వాడుతున్నారు కూడా.

కానీ ఎలుక ఎలుకే, మా బావగారు మా బావగారే. ఆయనకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. మార్ఫిన్‌తో పూట పూటా లేచి పేపరు చదువుకునేవారు. ఎవరో న్యూస్‌పేపరు పొట్లంలో పొడి ఇచ్చి, "మాత్ర ఆపితేనే ఇది పడుతుంది" అన్నారట. నాకు చెప్పకుండా ఆపేశారు. రెండో రోజు రాత్రి అక్క ఫోను. వెళ్ళేసరికి బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట, విరేచనాలు, ఆవులింత మీద ఆవులింత. నొప్పికి మంచంకోడు పట్టుకుని ఉన్నారు. ఒళ్ళు అలవాటు పడిన మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపితే ఇలాగే ఎదురుతిరుగుతుంది, ఇదీ వ్యసనం కాదు. పొట్లం విప్పి చూశాను. పేరు లేదు, పాళ్ళు లేవు, శొంఠి వాసన ఒక్కటే తెలిసింది. ఇన్నేళ్ళు ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, పాఠాలు చెప్పినవాణ్ణి, సొంత ఇంట్లో ఒక్క ముక్క ముందుగా చెప్పుకోలేకపోయాను. ఆ కోపం పొడి ఇచ్చినాయన మీద కంటే నా మీదే ఎక్కువ.

అందుకని లిఫ్టులో అడిగినావిడకు జవాబు ఇది. మార్ఫిన్ మీరు ఆపొద్దు. తగ్గించాలంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. పొడి కొన్నారా, పొట్లంతో సహా డాక్టరుకు చూపించండి. అశ్వగంధ కొందరికి మగత తెస్తుంది, లివర్ దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. మార్ఫిన్ మగతకు అది తోడైతే మంచిది కాదు. వావిలాకు కాపడం పెడతారా, పుండు లేని చోట, ఒళ్ళు కాలకుండా పెట్టండి. మా అమ్మ మోకాళ్ళకు పెట్టేది. ఇక్కడి కూరగాయలమ్మని 'నొచ్చి' అని అడగాలి, వావిలి అంటే తెలియదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. లిఫ్టులో మాత్రం వద్దు.