పాట రావాలంటే ముందు తిత్తి పట్టడం రావాలి

నమస్కారం. కడపలో భజన ముగిశాక మందిరం అరుగు మీద కూర్చుంటే చాలు, పాట నేర్చుకోవాలనుకునే కొత్తవారు ఎవరో ఒకరు వచ్చి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: గొంతు బాగుపడాలంటే ఏమి తినాలి? మిరియాలు నమలాలా, పటికబెల్లం చప్పరించాలా, అల్లం రసంలో తేనె కలుపుకోవాలా? ఏ శ్రుతిలో పాడాలని గానీ, ఊపిరి ఎక్కడ తీసుకోవాలని గానీ అడిగేవారు అరుదు. ఈ వంటింటి ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగి, చివరకు కెమెరా ముందు కూర్చున్నాను.

[తెరపై గొంతు అడ్డకోత బొమ్మ]

నోటి వెనుక దారి రెండుగా చీలుతుంది. ముందున్నది గాలి దారి, వెనుకనున్నది అన్నం దారి. పాటను పుట్టించే స్వరతంత్రులు గాలి దారిలో ఉంటాయి. మనం మింగే ప్రతిసారీ ఆ తంత్రులుండే స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీద మూత వాలుతుంది, తంత్రులు కూడా దగ్గరకు వచ్చి మూసుకుంటాయి. కాబట్టి మీరు తాగిన మిరియాల కషాయం తంత్రుల పక్క నుంచి పోతుందే తప్ప వాటిని తాకదు. పొరపాటున తాకితే ఏమవుతుందో అందరికీ తెలుసు. దానినే మనం పొలమారడం అంటాం. తేనె వల్ల గొంతులో హాయిగా అనిపించడం నిజమే, కాదనను. అయితే ఆ హాయి వేరు, శ్రుతిలో నిలవడం వేరు.

పాడుతున్న మనిషి గొంతులోని తంత్రులను తొలిసారి చక్కగా చూసిన పేరు వైద్యునికి కాక సంగీత గురువుకు దక్కడం నాకు చాలా ఇష్టమైన సంగతి. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ దేశపు గాత్ర గురువు, పళ్ల వైద్యులు వాడే చిన్న అద్దాన్ని తన నోట్లో పెట్టుకొని, మరొక అద్దంతో సూర్యకాంతిని లోపలికి మళ్లించి, తన తంత్రులను తానే చూసుకున్నాడు. అవి తీగలు కావు. గాలి పోయే సందుకు ఇరువైపులా ఉండే రెండు చిన్న కండరపు మడతలు. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు ఇవి తెరుచుకొని మూసుకుంటాయి.

[హార్మోనియం తిత్తి, దగ్గరి నుంచి]

ఇప్పుడు ఈ పెట్టెను చూడండి. మన పద్యనాటకాల్లోనూ, పండరి భజనల్లోనూ పుట్టి పెరిగినవారికి హార్మోనియాన్ని పరిచయం చేయనవసరం లేదు. వెనుక ఎడమచేతితో ఆడించేది తిత్తి, లోపల గాలికి అదిరి మోగే ఇత్తడి రేకు రీడు, ఆ మోతకు రంగు ఇచ్చేది చెక్కపెట్టె. మన ఒంట్లో తంత్రులు రీడు, నోరూ గొంతూ కలిసి పెట్టె. మరి తిత్తి ఏది? మన పెద్దలు ఆ పేరు ఎప్పుడో పెట్టారు: ఊపిరితిత్తి. రోజూ అనే మాటే అయినా అందులోని పాఠం మన చెవికి ఎక్కలేదు.

ఇంతవరకు చాలామంది చెబుతారు. ఎవరూ చూపించనిది లోపలి తిత్తి. పైమూత తీస్తున్నాను, చూడండి. బయటి తిత్తి గాలిని లోపలికి తోస్తుంది, లోపల స్ప్రింగులున్న మరొక తిత్తి ఆ గాలిని నిలవ చేసుకొని నిదానంగా రీడుకు అందిస్తుంది. నేను చేయి ఆపినా సా ఆగకుండా మోగుతున్నది అందుకే. కొత్తగా పాడేవారికి బయటి తిత్తి ఉంటుంది, లోపలిది ఉండదు. భుజాలు ఎగరేసి గుండె నిండా గాలి పీల్చి, మొదటి మాటలోనే సగం వదిలేసి, పల్లవి చివరకు వచ్చేసరికి గొంతు బిగించి లాగుతారు. ఊపిరిని నిదానంగా వదలడమే మన లోపలి తిత్తి. అది పుట్టుకతో రాదు, సాధనతో వస్తుంది.

నేను ఈ మాటను సుఖంగా నేర్చుకోలేదు. కొన్నేళ్ల కిందట ధనుర్మాసంలో ఒక భజన బృందంతో తెల్లవారుజామున పాడేవాణ్ణి. డోలు నా చెవి పక్కనే మోగేది, నా గొంతు నాకే వినిపించక ఇంకా అరిచేవాణ్ణి. చుట్టూ మోత పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ లక్షణాన్ని వివరించాడు కాబట్టి దానికి ఆయన పేరే ఉంది. ఐదో రోజుకు నా గొంతు నుంచి గాలి తప్ప మాట రాలేదు. అన్ని రోజులూ బుగ్గన మిరియం పెట్టుకొనే ఉన్నాను!

సాధనకు వద్దాం. నిటారుగా కూర్చొని, ఒక చేతిని డొక్క మీద ఉంచి, భుజాలు కదలకుండా డొక్క పక్కలకు విచ్చుకునేలా గాలి తీసుకోండి. తరువాత పళ్ల మధ్య నుంచి స్స్ అంటూ వదలండి. ఆ శబ్దం మొదట ఎంత ఉందో చివర కూడా అంతే ఉండాలి. ఎన్ని సెకన్లు వచ్చిందన్న పోటీ వద్దు. సన్నబడకుండా, ఉబ్బకుండా వచ్చిందా అన్నదే లెక్క. ఇది కుదిరాక గ్లాసు నీళ్లలో రెండు వేళ్ల లోతున స్ట్రా ముంచి, దాని గుండా ఊ అని సా పట్టండి. బుడగలు ఒకే తీరుగా వస్తే మీ తిత్తి కుదురుగా ఉన్నట్టు, ఎగిరిపడితే మీరు తోస్తున్నట్టు. స్ట్రాలో గాలికి ఎదురొత్తిడి ఉంటుంది కాబట్టి తంత్రులు ఒకదానినొకటి గట్టిగా కొట్టుకోవు. అందుకే గొంతు చికిత్సలోనూ ఈ పద్ధతిని వాడతారు.

హార్మోనియం పోలిక ఒకచోట తెగుతుందని ఒప్పుకోవాలి. పెట్టెలో స్వరానికొక రీడు ఉంటుంది. మనకున్నవి రెండు మడతలే, వాటినే సాగదీసి పై స్వరం, వదులు చేసి కింది స్వరం పలికిస్తాం. కొత్తవారు పై స్థాయి సా కోసం మడతను సాగదీయడం మాని తిత్తిని గుద్దుతారు. పెట్టెలో అయినా తిత్తిని గుద్దితే మోత పెరుగుతుందే గానీ రి గ కాదు.

వీడియో నిడివి మించుతున్నది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. సినిమా పాటను అసలు శ్రుతిలోనే పాడాలన్న పట్టుదల వదలండి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవారికి తరచుగా ఒకటి నుంచి రెండు, ఆడవారికి ఐదు నుంచి ఆరు శ్రుతి నప్పుతుంది, మీది మీరు వెతుక్కోవాలి. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే సరిగమల తొలి పాఠాలు, మొదటి కాలంలోనే, అంటే నిదానపు వేగంలోనే పాడండి. మూడో కాలానికి తొందర లేదు. ఫోనులో రికార్డు చేసుకొని వినండి. అది మీ గొంతులా అనిపించకపోవడం సహజం, ఎందుకంటే పాడేటప్పుడు మీరు ఎముకల గుండా కూడా వింటున్నారు, ఫోను గాలి గుండా మాత్రమే వింటుంది. మన కడప ఎండల్లో నీళ్లు పాటకు ముందు నుంచే తాగుతూ ఉండాలి. ఆ నీరు ఒంటికి పట్టి తంత్రులను చేరడానికి సమయం పడుతుంది. గొంతు బొంగురుపోతే సాధన ఆపండి, గుసగుసలు కూడా వద్దు. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. ఆయన కూడా గార్సియా చూసినట్టే లోపల చూస్తారు, కాకపోతే అద్దానికి బదులు కెమెరాతో.